తీసేసిన తిథుల ప్రోగ్రాం

ఆ రోజు పొద్దున కాఫీ తాగుతూ ఒక రెసిపీని తీసేశాను. కారణం రాయమన్న చోట వాడేవారెవరూ కనబడటం లేదని రాశాను. నాలుగో రోజున కోనసీమ నుంచి ఒక పెద్దాయన మెయిల్ పంపారు. తన నంబరు ఇచ్చి ఫోన్ చేయమన్నారు. చేసి, నేనెవరో చెప్పాను.

"ఏంటండీ, బతికున్నవాడికి తద్దినం పెట్టేశారు?" అన్నారు.

ఇది వంట రెసిపీ కాదు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లను కంప్యూటర్లోకి తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్ ఒకటుంది. ఒక్కో సాఫ్ట్‌వేర్ మూలం ఎక్కడ దొరుకుతుందో, దాన్ని వేటితో, ఏ వరసలో తయారుచేయాలో ఒక చిన్న ఫైలులో రాసి ఉంచాలి. దాన్నే రెసిపీ అంటారు. రాజమండ్రిలో పత్రిక డెస్కు నుంచి రిటైరయ్యాక అలాంటివి ఇరవై దాకా నేను చూసుకుంటున్నాను. జీతం లేదు. ఎవరో రాసినదాన్ని దిద్దడం అలవాటైన ప్రాణం, ఊరుకోదు.

మూలాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ కొత్తది వచ్చినప్పుడల్లా కొన్ని రెసిపీలు పనిచేయడం మానేస్తాయి. వాటికి ముందు, తీసేయబోతున్నామని ఒక గుర్తు పెడతాం. గడువులోగా ఎవరూ అడగకపోతే తీసేస్తాం. తిథులు లెక్కగట్టే ఆ పాత ప్రోగ్రాముకూ అలాగే గుర్తు పెట్టాను. ఎవరూ అడగలేదు.

"తీసేసే ముందు ఎవర్నడిగారండీ?" అన్నారాయన.

"మా ప్రాజెక్టు పేజీలో నోటీసు పెట్టామండి."

"ఇంగ్లీషులోనా? బాగుంది. మా వీధి గోడకి అంటించుంటే చూసేవాణ్ణి కదండీ."

పత్రికలో ఉన్న రోజుల్లో లోపలి పేజీలోంచి పడవల వేళలు తీసేశాం. ఒక్క ఉత్తరం రాలేదు. రేవులో నిలబడి ఎదురుచూసేవాళ్ళు ఉత్తరాలు రాయరని తర్వాత తెలిసింది. తెలిసీ మళ్ళీ అదే పని చేశాను.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఏటా పంచాంగం గుణించి ప్రెస్సుకి ఇస్తారు. రాబోయే ఏడాదికి సగం పూర్తయ్యేసరికి పాత కంప్యూటర్ చెడిపోయింది. కొత్తది కొని ప్రోగ్రాం దించుకోబోతే లేదంది. దీపావళిలోగా రాతప్రతి ఇవ్వకపోతే ఆ ఏడు ఆయన పంచాంగం రానట్టే.

రెసిపీ బాగుచేయడానికి రెండు రోజులు పట్టింది. ఎక్కించడం ఎలాగో ఫోన్లోనే చెప్పవచ్చు. తీసేసింది నేనే కాబట్టి బయల్దేరాను. రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య బస్సు చాలాసేపు ఆగింది. మాస్టారింట్లో ప్రోగ్రాం ఎక్కించి, ఏడాది మొత్తానికీ నడిపాను. ఎక్కడా ఆగకుండా నడిచింది. నా పని అయిందనుకుని కాఫీ గ్లాసు అందుకున్నాను. ఆయన మాత్రం పాత కంప్యూటర్లో అచ్చు తీసిన సగం ఏడాది కాగితాలు పక్కన పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కో తిథే సరిచూడసాగారు.

"ఇలా రండి," అన్నారు కాసేపటికి.

ఒక ఏకాదశి. పాత కాగితంలో సూర్యోదయమైన ఒక నిమిషం తర్వాత పూర్తవుతోంది. కొత్తదాంట్లో సూర్యోదయానికి ముందే అయిపోతోంది.

"నిమిషం, రెండు నిమిషాలే కదండీ," అన్నాను.

"మీకు నిమిషాలేనండి. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు దానిదే. మా ఆవిడకి ఉపవాసం ఏ రోజన్నది తేలాలి."

"రెండ్రోజులూ పస్తుండమంటారేమో కనుక్కోండి!" వంటింట్లోంచి ఆవిడ.

పాత యంత్రం లెక్క మధ్యలో దశాంశాలను మరికాస్త పొడవుగా ఉంచుకునేది, కొత్తది ముందే కత్తిరిస్తుంది. తేడా అక్కడే పుట్టిందని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు. ప్రోగ్రాం తయారైందా లేదా అన్నదే మా రెసిపీ చూస్తుంది. అది చెప్పే జవాబు ఒప్పో తప్పో చూడదు. ప్రోగ్రాం రాసినాయనకు రెండుసార్లు మెయిల్ పెట్టాను. జవాబు లేదు.

రెసిపీ మళ్ళీ జాబితాలో చేరింది. మాస్టారు ఆ తిథిని చేత్తో గుణిస్తే మూడో జవాబు వచ్చిందట. దీపావళి పన్నెండు రోజుల్లో ఉంది. ఆ ఏకాదశి ఉన్న పేజీ ఇంకా ప్రెస్సుకి వెళ్ళలేదు.