ఓడ కర్రతో వండిన అన్నం

కాకినాడ రేవులో చెక్క పడవలకు ఇప్పటికీ అక్కడక్కడ సొరచేప నూనె పూస్తుంటారు. ఆ వాసన తగిలితే చాలు, కువైట్‌లో, హవల్లీలోని మా ఒంటిగది వాటా, దాని డాబా మీద మూడు రాళ్ల పొయ్యి, పొయ్యి ముందు తల వంచుకు కూర్చున్న మా నాన్న గుర్తొస్తారు.

నాన్నది తాళ్లరేవు. ఓడలు కట్టే వడ్రంగి. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఆయన కఫీల్ ఒక ముసలి అరబ్బు. ఆ ముసలాయన సముద్రం ఒడ్డున కట్టిస్తున్న పెద్ద చెక్క ఓడకు నాన్నే మేస్త్రి. సాయంత్రాలు అమ్మ వేయించిన చేపముక్కలు, మావిడికాయ పచ్చడి క్యారేజీలో పట్టుకుని వెళ్తే, దూరానికే సుత్తుల చప్పుడు వినిపించేది. పలకల సందుల్లో నూనెలో నానిన దూదిని దట్టిస్తూ మనుషులు వరసగా కూర్చుని ఒకే దెబ్బగా కొట్టేవారు. ఒక్క సుత్తి వెనకబడినా నాన్న తల తిప్పేవాడు. దసరాకు ఉలులకు బొట్లు పెడితే కఫీల్ చూడనట్టు అటు తిరిగి తస్బీ పూసలు తిప్పుకునేవారు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. కఫీల్ కుటుంబంతో సౌదీకి పారిపోతూ నాన్న చెయ్యి పట్టుకుని, తాను తిరిగొచ్చేదాకా ఓడను కాపాడమన్నారు. నాన్న మాటిచ్చాడు.

కొన్నాళ్లకు గ్యాసు దొరకడం మానేసింది. పళ్ల పెట్టెలు, విరిగిన కుర్చీలు, చివరకు మా మంచం కూడా పొయ్యిలోకి పోయాయి. నానబెట్టిన బియ్యం తిని తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి.

"ఓడలో బోల్డంత కర్రుంది కదయ్యా," అంది అమ్మ.

"మాటిచ్చానే."

"అయితే ఆ మాటే వండి పెట్టు పిల్లలకి."

మర్నాడు అల్ రాయ్‌లో మెకానిక్‌గా పనిచేసే కడప సుబ్బరాయుడు మావయ్య పికప్‌లో వెళ్లాం. మావయ్య గొడ్డలి ఎత్తాడు. నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆఖరున బిగించిన పలక ఏదో వెతికి, మేకులు ఒక్కొక్కటే వంకరపోకుండా లాగడం మొదలుపెట్టాడు.

"ఏంది బావా ఇది? పొయ్యిలోకి పొయ్యే కట్టెకి మర్యాదలా? ఎండకు సచ్చాండాం!"

"నేను కట్టిందిరా. విప్పుతాను గానీ నరకను."

సొరచేప నూనె తాగిన కర్ర నల్లగా పొగలు కక్కుతూ మండింది. అన్నమంతా అదే కంపు. తమ్ముడు ముద్ద ఉమ్మేశాడు. నాన్న దాన్ని తీసి, తన నోట్లో పెట్టుకుని, పొయ్యి వైపు చూస్తూ నమిలాడు.

అలా పలకలు పోయాయి, తర్వాత పక్కటెముకల్లాంటి వంపు దూలాలు పోయాయి. పూజ చేసి పరిచిన అడుగు దూలం మాత్రం నాన్న ముట్టలేదు. మేకులన్నీ ఒక డబ్బాలో పోసి ఇసుకలో పాతిపెట్టాడు. తర్వాత మమ్మల్ని బస్సులో ఎక్కించుకుని బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు, అక్కణ్ణుంచి ఇంటికి చేర్చాడు.

యుద్ధం అయ్యాక నాన్న ఒక్కడే తిరిగి వెళ్లాడు. అడుగు దూలం ఉండాల్సిన చోట బూడిద ఉంది. ఇంకెవరి ఆకలో అది. డబ్బా తవ్వి తీసి కఫీల్ కాళ్ల దగ్గర పోశాడట. ఆయన ఒక మేకు తీసి వెలుతురులో తిప్పి చూసి, "ఖలాస్" అని లేచి వెళ్లిపోయారట. మళ్లీ ఓడ కట్టించలేదు.

ఇప్పుడు ఆ కువైట్ ఒడ్డున ఫైబర్ పడవలే. సుత్తుల చప్పుడు లేదు. నాన్నా లేడు. పోయేదాకా ఆయన ప్రతి ముద్దనూ ముక్కు దగ్గర పెట్టుకుని గానీ నోట్లో పెట్టుకునేవాడు కాదు. "గ్యాసు మీదే వండానయ్యా," అనేది అమ్మ, రోజూ.