మూడు నాగాలు

మావాళ్లకు ఏ పని అప్పగించినా దాన్ని బాయి చేసి పెడతారు. గోదావరిఖనిలో బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. మా చర్చిలో మగవాళ్లు చాలామంది బాయిలో పనిచేసేవాళ్లో, చేసి రిటైరైనవాళ్లో. పెళ్లి వంటకైనా షిఫ్టులు వేస్తారు, సమాధుల దగ్గర గడ్డి పీకడానికైనా మస్టర్ పెడతారు. మస్టర్ అంటే హాజరు. అది పడకపోతే నాగా.

మొన్నటి వానాకాలం ముసురు పట్టి వారమైనా వదల్లేదు. బస్టాండు అరుగుల మీద పడుకునేవాళ్లను చర్చి వెనక హాలుకు తెచ్చుకుందామని స్త్రీల సమాజం వాళ్లం పట్టుబట్టాం. పాస్టరు అయ్యగారు సరేనన్నారు. పదకొండు మంది వచ్చారు. చాపలు పరిచి అన్నం, పప్పుచారు పెట్టాం. వాళ్లు తింటుంటే నా కడుపు నిండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

రెండో రోజుకే మా సంఘ పెద్ద రిజిస్టరు పట్టుకొచ్చాడు. బాయి ఆఫీసులో ముప్పై ఏళ్లు హాజరు రాసి రిటైరైన మనిషాయన. సాయంత్రం ఆరింటికి పేర్లు పిలవాలట, పలికినవాళ్లకే చాపట. చెప్పకుండా మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేసి ఇంకొకరికి ఇవ్వాలట.

"లేకుంటె ఎవలున్నరో ఎవలు పోయిండ్రో ఎట్ల తెలుస్తదమ్మా? నీ చేతిరాత మంచిగుంటది, నువ్వే రాయి" అన్నాడు.

అంతమందిలో నన్ను పిలిచి ఇచ్చాడని మురిసిపోయి తీసుకున్నాను. బుద్ధి గడ్డి తింది.

వచ్చినవాళ్లలో డెబ్బై దాటిన అవ్వ ఒకామె ఉండేది. మతి స్థిమితం లేని ఒక ఆడమనిషిని ఎప్పుడూ వెంటబెట్టుకుని తిరిగేది. తన ముద్దలో సగం ఆమెకే తినిపించేది. ఆమె ఎవరో, ఏ ఊరిదో అవ్వకూ తెలియదు. ఒకరోజు ఇద్దరూ రాలేదు. పిలిచాను, పలకలేదు, నాగా రాశాను. మర్నాడూ అంతే. మూడో నాడూ అంతే. ఈ వానలో ఎక్కడికి పోయారో కనుక్కుందామన్న ఇంగితం నాకు లేకపోయింది. గడిలో గుర్తు కుదురుగా పడిందా లేదా అని మాత్రం చూసుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం అవ్వ తడిసి ముద్దై ఒక్కతే వచ్చింది. అప్పటికే ఆమె చాప మీద వేరే ముసలాయన కూర్చుని ఉన్నాడు. నేను వంటగది గుమ్మంలో గంజి వారుస్తున్నాను.

"పేరు కొట్టేసినం అవ్వా. మూడు నాగాలైనయి" అన్నాడు సంఘ పెద్ద.

అవ్వ ఆయన ముఖం చూసింది, రిజిస్టరు చూసింది. కొంగు పిండుకుని వెనక్కి తిరిగింది. గిన్నె దించి నేను పరుగెత్తేసరికి గేటు దాటి వానలో కలిసిపోయింది.

మర్నాడు ఆదివారం. రోగులను పరామర్శించడం గురించి అయ్యగారు గంటసేపు వాక్యం చెప్పారు. ఆరాధన అయ్యాక, సర్కారు దవాఖానలో ఆయాగా చేసే మా సంఘం అక్క సంగతి బయటపెట్టింది. "మీ అవ్వ ఆ పిచ్చామెను జరంతోని తోలుకొచ్చింది. మూడు దినాలు మంచం పక్కన నేల మీదనే కూసున్నది. ఆమె ఇంకా దవాఖాన మంచం మీదనే ఉన్నది. నిన్న జరం దిగినంక, జరసేపు ఒరిగొస్తనని అవ్వ మీ తానికే వచ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా సంఘ పెద్ద దగ్గరికి పోయి అందరి ముందే అందుకున్నాను.

"రోగి పక్కన కూసున్నదానికి నాగానా అన్నా? లోపల స్తోత్రాలు, వెనక తరుముడా? గిదేనా మన సంఘం?"

ఆయన గొంతు పెంచలేదు. నాకు ఇంకా మంట. కళ్లద్దాలు సవరించుకుని రిజిస్టరు తెరిచాడు.

"రాసింది నువ్వేగదమ్మా. ఒక్కనాడన్న, అవ్వ ఏడబాయె అని నన్నడిగినవా?"

తెరిచిన పేజీలో మూడు నాగాలూ నా చేతిరాతే. ఆయనే రిజిస్టరు మూసి, "పోయి తోలుకరా. మళ్ల పేరు రాద్దాం" అన్నాడు.

గిన్నెలో అన్నం, కూర పెట్టుకుని బస్టాండుకు పోయాను. అరుగు సగం తడిసి ఉంది. పొడిగా ఉన్న మూలలో అవ్వ ముడుచుకుని కూర్చుంది.

"తప్పైంది అవ్వా. దా, పోదాం. మళ్ల నీ పేరు రాస్తమన్నరు."

అవ్వ తల అడ్డంగా ఊపింది.

"మా ఇంటాయన గూడ బాయిలనే చేసిండు బిడ్డా. పానం బాగలేక నాగాలు పడ్డయి. పని తీసేసిండ్రు, క్వార్టర్ ఖాళీ చేయమన్నరు. అప్పటిసంది నాకు ఇల్లు లేదు. రాపిచ్చుకునుడు, కొట్టేపిచ్చుకునుడు, ఇగ నాతోని కాదు."

"రిజిస్టరే వద్దని నేను కొట్లాడుత అవ్వా!" అన్నాను. అంటుంటేనే ఏడుపొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అవ్వ నన్ను ఓదార్చనూ లేదు, తిట్టనూ లేదు. గిన్నె వైపు చెయ్యి చాపింది.

"అన్నమైతె పెట్టిపో బిడ్డా. పేరు రాయకు."