టీచరమ్మ చెరపని ఫోటో

మా కింది వాటాలో ఉండే టీచరమ్మ పోయారు. చలి ఇంకా సరిగ్గా దిగనేలేదు. పాల ప్యాకెట్టు గుమ్మంలోనే పడి ఉందని పనమ్మాయి పైకొచ్చి నా తలుపు కొట్టింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, బారిడీహ్‌లో మా వీధివాళ్ళు సగం మంది ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే, కాబట్టి వచ్చిన జనానికి లోటు లేదు. వాళ్ళంతా వెళ్ళిపోయాక నాకు మాత్రం మెట్లు దిగబుద్ధి కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

భర్త రిటైరైన కొన్నాళ్ళకే కన్నుమూస్తే, పిల్లల్లేని ఆ మనిషి ఒకరోజు బజారుకెళ్ళి కెమెరా కొనుక్కొచ్చారు. ఈ వయసులో ఇదేం సరదా అని వీధంతా నోరెళ్ళబెట్టింది. ఆవిడ పట్టించుకోలేదు. మా అమ్మ పోయి నేనూ ఒంటరిదాన్నైన శీతాకాలం, మెట్ల కింద నుంచి కేకేశారు.

"ఓలమ్మీ! పిట్టల్ని తియ్యడానికి సముద్రానికెల్తన్నాను. వత్తావేటి?"

నాకు పిట్టలంటే కాకి, పిచ్చుక తప్ప తెలీదు. అయినా బళ్ళో గుమాస్తా ఉద్యోగానికి సెలవు పెట్టి బయల్దేరాను.

మా ఊళ్ళో భుయ్యాడీహ్ పక్కన పారే మన సువర్ణరేఖ నది ఒడిశాలో సముద్రాన్ని కలిసే చోటికే ఆవిడ వెళ్తానన్నారు. "మనం గిన్నెలు కడిగిన నీళ్ళు ఎందాకా ఎల్తన్నాయో చూడొద్దేటే?" ఖరగ్‌పూర్‌లో రైలు మారి, జలేశ్వర్‌లో దిగి, ఆటోలో ఒళ్ళు హూనం చేసుకుని చేరాం. అక్కడ మేం చేసిన పొరపాటు మన ఊరివాళ్ళే చేయగలరు. ఫ్యాక్టరీలో పొద్దుటి ఏ-షిఫ్టుకి హాజరేయించుకునేవాళ్ళలా తెల్లారేసరికి ఒడ్డున నిలబడ్డాం. మంకీ క్యాపులు, రెండేసి స్వెట్టర్లు. నీళ్ళు నిండుగా ఒడ్డు దాకా ఉన్నాయి, పిట్ట అన్నది లేదు. చెమటలు కక్కుతూ, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక ఆటుకి నీళ్ళు వెనక్కి తగ్గి బురద బయటపడింది. అప్పుడు దిగాయి, మంచు దేశాల నుంచి వచ్చిన ఉల్లంకి పిట్టలు, గుంపులు గుంపులుగా.

"సముద్రానికీ షిఫ్టుందే. మన సైరన్ దానికి ఇనబడదు" అని టీచరమ్మ స్వెట్టర్ విప్పి నా ఒళ్ళో పడేశారు. ఆ రోజు అమ్మ పోయాక మొదటిసారి నవ్వాను.

అప్పటి నుంచి ప్రతి శీతాకాలం వెళ్ళాం. పాత పిండిసంచిలో ఇసుక నింపి దాని మీద కెమెరా ఆనించి, చీర కుచ్చిళ్ళు ముడిచి నేల మీద చతికిలబడేవారు. ఎండ మన వీపున ఉండాలి, మన నీడ మాత్రం పిట్టల వైపు పోకూడదు. అదీ ఆవిడ పద్ధతి. సాయంత్రం నీడలు సాగుతుంటే ఇంకా కిందికి వంగిపోయేవారు, నన్నూ వంగమనేవారు. ఫోటోలో నీడ పడిందా, అక్కడికక్కడే చెరిపేసేవారు. బోర్డు మీద తప్పు లెక్క తుడిచినట్టే, జాలీదయా లేకుండా.

తన ఫోటో మాత్రం ఎవరినీ తీయనిచ్చేవారు కాదు. నేను ఫోనెత్తితే కొంగు అడ్డం పెట్టుకునేవారు.

"ఉండేవోళ్ళకి ఫోటో ఏటికే? ఎల్లిపోయేవోళ్ళకి గానీ. నేనేటి, ఏడాది పొడుగూ నీ కళ్ళ ముందరే ఉంతాను కదా."

కిందటి శీతాకాలం ఒక సాయంత్రం, ఫ్లాస్కులో టీ చల్లారిపోతుందని నేను లేచి నిలబడి కప్పు అందించాను. "లెగకే అమ్మీ, నీడ!" అంటూనే ఒక చేత్తో కప్పు అందుకుంటూ, రెండో చేత్తో బటన్ నొక్కేశారు. పిట్టలు లేవలేదు. తెరలోకి చూసుకుని, "నీడ పడిపోనాది. చెరిపేత్తానులే" అన్నారు.

చర్చిలో స్మారక కూడికకి ఫోటో కావాల్సి వచ్చింది. రాంచీ నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలి కొడుకు ఇల్లంతా వెతికి ఆధార్ కార్డు తెచ్చాడు. పెద్దది చేయిస్తే అందులో ఎవరున్నారో ఆ దేవుడికే తెలియాలి. కెమెరా తెరిచాం. ఎంత వెనక్కి వెళ్ళినా పిట్టలే. అతను విసుగెత్తి లేవబోతుంటే ఆ నీడల ఫోటో కనబడింది. చెరపలేదు. మరిచిపోయారనుకోను, ఆవిడ దేన్నీ మరిచిపోయే మనిషి కాదు.

"దీదీ, ఇస్ మే మౌసీ కహాఁ హై?" అన్నాడతను, పెద్దమ్మ ఎక్కడుందో తెలియక తెర దగ్గరికి వంగి.

కూర్చున్న పొట్టి నీడని వేలితో చూపించాను. చాలాసేపు చూసి, "యహీ దే దో" అన్నాడు, ఇదే ఇచ్చెయ్యమని.

స్టూడియో ఆయన మా శ్రీకాకుళం వైపు మనిషే. "పోయినోళ్ళ పటంలో బతికున్నోళ్ళుండకూడదమ్మా. మీ నీడ కోసేత్తాను" అన్నాడు. సరేనన్నాను. కంప్యూటర్ మీద గీతని అటు జరిపాడు, ఇటు జరిపాడు, ఆగిపోయాడు.

"ఎక్కడని కొయ్యనమ్మా? కప్పు దగ్గర కోత్తే ఆవిడ చెయ్యెల్లిపోద్ది."

కోయొద్దన్నాను.

చర్చిలో కొవ్వొత్తుల మధ్య దాన్నే పెట్టారు. వచ్చినవాళ్ళు ముఖం కోసం వెతుక్కుని, ఆ రెండోది ఎవరని నన్నే అడిగారు. తడి ఇసుక మీద ఒక పొట్టి నీడ, ఒక పొడుగు నీడ, మధ్యలో ఇద్దరి చేతుల్లోనూ ఉన్న కప్పు. ఆ నీడల అంచునే, తలెత్తకుండా మేస్తున్న పిట్టలు.