అవ్వ మట్టిలో దాచిన తలలు

వైద్యుడు మితంగా తినమన్నాడని కోడలు నా పళ్లెంలో రెండే దుంపముక్కలు పెట్టింది. ఆ ఆవిరి వాసనకు చింతపల్లి కొండల్లో నన్ను పెంచిన అవ్వ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. ఇంట్లో మేమిద్దరమే. అడవిదుంప తవ్వినప్పుడల్లా అవ్వ తీగ ఉన్న తలభాగాన్ని కోసి, మళ్లీ గోతిలో పెట్టి మట్టి కప్పేది. అది చిగురించి అక్కడే కొత్త దుంప ఊరేది. మరుసటేటి వానల్లో గింజలు అయిపోతే ఆ గోతులే మాకు గాదెలు. అదంతా అవ్వ పిసినారితనమనుకున్నాను. ఒకరోజు ఒక్కదాన్నే వెళ్లి, మా గోతులన్నీ తవ్వి, గంప నింపుకొచ్చాను.

"తలలేవే గుంటా?" అంది అవ్వ.

"కాల్చుకు తినీసినానవ్వా. మట్టికెందుకెట్టాల?"

చీటికీమాటికీ 'నీ దుంప తెగ' అని తిట్టే అవ్వ, నిజంగానే దుంప తెగిన ఆ రోజు మాత్రం ఆ తిట్టు మాని, తల ఒక్కటైనా మిగిలిందేమోనని గంపంతా వెతికింది.

మరుసటేటి వానల్లో ఆ గోతుల్లో గడ్డి మొలిచింది. రోజుకు దొప్పెడు అంబలే మిగిలింది. అవ్వ దాన్ని నా వైపు జరిపేది.

"నువ్వు తాగవేటి?"

"నాకాకలి నేదే. బేగి తాగీ."

ముసలివాళ్లకు ఆకలి వేయదని నమ్మేశాను. నమ్మకం గట్టిదే, దొప్ప అడుగుదాకా నాకేదాన్ని. వానలు వెలిసేలోగా అవ్వ పోయింది. జ్వరమన్నారు ఊళ్లో. నేనూ చాలా ఏళ్లు అదే అన్నాను.

ఇవాళ ఒక ముక్క పళ్లెంలోనే వదిలేశాను.

"ఆకలి లేదా అత్తా?" అంది కోడలు.

"లేదమ్మా" అన్నాను. కోడలు నమ్మలేదు. ఆ మాట అవ్వలా అనడం నాకింకా చేతకాలేదు.