పలకరాయి కింది ఊపిరి

మా పెరట్లో ఒక ఎండిన బోరు ఊపిరి తీసుకునేది. ఈ మాట అంటే కొత్తగా కాపురానికొచ్చిన మా కోడలు నవ్వింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, బోరు మీద మూసిన పలకరాయి సందు దగ్గర అరచెయ్యి పెట్టించాను. మళ్ళీ నవ్వలేదు.

అది మా ఆయన వేయించిన మొదటి బోరు. చుక్క పడలేదు. లోపలినుంచి లేచిన బూడిదరంగు పొడికి తడివాసన మాత్రం ఉంది. "నీళ్ళున్నాయి, రాయి వదలడం లేదు" అన్నాడు బోరు బండి మేస్త్రి. మాది పలకరాయి నేల. నేను రెండేళ్లు అక్షరాలు దిద్దిన పలకా ఆ రాయే. తడిగుడ్డతో ఎంత తుడిచినా అది ఒక్క చుక్క తాగేది కాదు.

మా ఆయన చర్చి సంఘంలో పెద్ద. బోరు వేసేముందు పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేశాడు. కానీ ఆ చోటు ముందురోజే కొబ్బరికాయ పట్టే మనిషి చూపించినది. అరచేతిలో పడుకోబెట్టిన కాయ ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ నీళ్ళన్నమాట. బోరులో నీళ్ళు పడకపోయేసరికి, సంఘం వాళ్ళ కంట పడకుండా మా ఆయన ఆ కాయను బోరులోనే జారవిడిచాడు. నేను చూశాను.

"చూడలేదనుకో" అన్నాడు.

రెండో బోరు ఇంటికి అరవై అడుగుల దూరంలో, బత్తాయి తోట మొదట్లో వేశాం. నీళ్ళు పడ్డాయి. దానికి గోడలు కూలకుండా లోపల దించే కేసింగు పైపు కొత్తది కొంటానని మా ఆయన అంటే నేను ఒప్పుకోలేదు. చచ్చిన బోరుకు చొక్కా ఎందుకని మొదటిదాంట్లో పైపు పీకించి దీనికి వేయించాను. మిగిలిన బొక్క మీద పలకరాయి కప్పాను.

అప్పటినుంచే ఊపిరి. పొద్దున గాలిని లోపలికి పీల్చేది. ఎండెక్కాక చల్లగా బయటికి వదిలేది. నేను భయపడలేదు. సందు పక్కన మజ్జిగ కుండ పెట్టుకున్నాను. సాయంత్రం దాకా పులిసేది కాదు. మా ఆయన పోయాక కూడా కుండ అక్కడే. కోడలు ఫ్రిజ్ మాటెత్తితే కుండ వైపు చూపించేదాన్ని.

పోయిన ఎండాకాలం రెండో బోరు కూడా ఎండింది. బత్తాయి ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. ఇంకో పది రోజులు నీళ్ళు లేకపోతే చెట్లు కొట్టి కట్టెలకు అమ్ముకోవడమే. అవి మా ఆయన బిందెలతో మోసి బతికించిన చెట్లు. అప్పుడు నీటి ఒత్తిడితో రాయిని చీల్చే లారీని పిలిపించాడు మా కొడుకు. బోరులో రబ్బరు బిరడా దించి, దాని కిందికి ట్యాంకరు నీళ్ళు బలంగా కొడతారు. మూసుకుపోయిన సందులు తెరుచుకుంటాయట.

గొంతు తడుపుకోవడానికి లేని రోజుల్లో ట్యాంకరు నీళ్ళు నేలలో పోయడమా అని నా ప్రాణం గిలగిలలాడింది.

"అవ్వా, దగ్గరలో ఇంకో బోరు ఏమన్నా ఉందా?" అని అడిగాడు లారీ మేస్త్రి.

పక్కన ఇంకో బోరుంటే వీళ్ళు పని మొదలుపెట్టరని కొమరోలు బస్సులో ఎవరో అంటుంటే విన్నాను.

"లేదు నాయనా" అన్నాను.

పొద్దున పది దాటలేదు. పెరట్లోది ఇంకా లోపలికి పీల్చే వేళ. తోటలో మిషను మోగింది. ఒత్తిడి చూపే గడియారం లాంటి దానిలో ముల్లు పైకి పోతూనే ఉంది. ఉన్నట్టుండి దబ్బున కింద పడింది. "రాయి దారి ఇచ్చింది!" అని అరిచాడు మేస్త్రి.

అప్పుడే ఇంటి వైపునుంచి ఊళ వినిపించింది. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదినట్టు, కానీ పొడుగ్గా, తెగకుండా.

"అత్తా! మామ బోరు అరుస్తాంది!" కోడలు కేక పెట్టింది.

పరిగెత్తాను. పలకరాయి టకటక కొట్టుకుంటోంది. మజ్జిగ కుండ దానంతటదే జరిగి పగిలింది. పలక పక్కకు ఒరిగింది. బూడిదరంగు నీళ్ళు చప్పుడు లేకుండా అంచుదాకా ఎక్కి, మజ్జిగలో కలిశాయి. వాటిమీద నల్లగా, గుండ్రంగా ఒకటి తేలింది. అది మనిషి తల అనుకుని కోడలు వెనక్కి పడింది.

కొబ్బరికాయ. నీళ్ళలో అది నిటారుగా నిలబడి ఉంది.

మేస్త్రి వచ్చేలోగా కొంగులో చుట్టేశాను.

"ఏంది అవ్వా ఇది? ఇంకో బోరు లేదంటివే!"

"అది చచ్చిన బోరు నాయనా. లెక్కలోది కాదు."

"చచ్చినదానికి గొంతెట్ల వచ్చింది? మేం కొట్టిన నీళ్ళన్నీ ఇట్ల తేలుతాండాయి. దీన్ని కంకర, సిమెంటుతో మూస్తేనే ఒత్తిడి నిలబడేది. లేకుంటే చెట్లు వదులుకో."

కోడలు నా వైపు చూసింది. "పైపు పీకించకుండా ఉంటే దాని మూతికి మూత బిగించేటోళ్ళం కదా అత్తా" అంది. నిజమే.

నీళ్ళు దిగిపోయాక మొదటి గంప కంకర నేనే పోశాను. పోసిన ప్రతిసారీ లోపలినుంచి ఒక నిట్టూర్పు నా ముఖానికి తగిలింది. ఆఖరి గంపకు ఏమీ రాలేదు.

సిమెంటు గట్టిపడ్డాక లారీ మళ్ళీ వచ్చింది. ఈసారి ముల్లు పైకెక్కి నిలబడి, ఆ తర్వాతే పడింది. మేమందరం ఇంటి వైపు చూశాం. నిశ్శబ్దం. ఆ సాయంత్రం మోటారు వేస్తే బొటనవేలి లావు ధార వచ్చింది, ముందు బూడిదగా, తర్వాత తేటగా. దూరపు వరసలు ఎండిపోయాయి. దగ్గరి సగం చెట్లు బతికాయి.

ఇప్పుడు మజ్జిగ మధ్యాహ్నానికే పులుస్తోంది. ఫ్రిజ్ మాత్రం కొనలేదు. రోజూ ఎండెక్కాక తోట బోరు మూత సందులో చెయ్యి పెట్టి చూస్తాను. చల్లగా తగులుతుంది.

కృతజ్ఞత ప్రార్థనకు పాస్టరయ్య వచ్చినప్పుడు కొబ్బరికాయను గంప కింద పెట్టాను. పగలగొట్టబుద్ధి కాలేదు. ఎత్తితే బరువుగా ఉంది. అన్నేళ్ళ తర్వాత కూడా లోపల నీళ్ళు కదులుతున్నాయి. ఆ చప్పుడుకు కోడలు వంటింట్లోంచి తొంగిచూసింది.

"చూడలేదనుకో" అన్నాను.