ఖాళీ రోడ్డు మీద కుడిపక్క

ఈ సాయంత్రం అమలాపురంలో అమ్మను డాక్టరుకు చూపించి టాక్సీలో రాజోలు వస్తున్నాం. డ్రైవరు గారు మధ్యవయస్కుడు, చాలా నెమ్మదస్తుడు. అంబాజీపేట దాటి రోడ్డు ఖాళీ అయ్యాక చూస్తే, కారు కుడిపక్కన పోతోంది.

"డ్రైవర్ గారూ, మనం కుడిపక్కకి వచ్చేసేమండీ."

ఆయన తొణక్కుండా ఎడమకు తిప్పారు.

"కువైట్‌లో నేర్చుకున్నానండి డ్రైవింగు. అక్కడ కుడిపక్కే కదండీ. ఎదర బండి కనపడితే గుర్తొచ్చేస్తదండి. రోడ్డు ఖాళీగా ఉంటేనే మర్చిపోతాను."

"ఎప్పుడైనా ఆలస్యంగా గుర్తొచ్చిందా?"

"ఒక్కసారేనండి."

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఎదురుగా లారీలు రావాలని కోరుకున్నాను.

రేపు వేకువనే రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి కిరాయి దొరికిందని, దిగేటప్పుడు ఆయన సంతోషంగా చెప్పారు. ఆ కారెక్కేది మీలో ఎవరైనా అయితే, దయచేసి దారిలో నిద్రపోకండి.