దాటే చెట్టు

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ గానీ కంచె గానీ ఉండేది కాదు. మోకాలెత్తు ఆపిల్ చెట్ల వరుస ఒకటి ఉండేది. చెట్లంటే కొమ్మలు చాపి నీడనిచ్చేవి కావు. ఒక్కొక్కటీ మోకాలిదాకా నిలువుగా లేచి, అక్కడ పక్కకు ఒంగి, ఇనప తీగ వెంబడే నేల బారున సాగిపోయే ఒంటి కొమ్మ. మొదటిసారి చూసినవాళ్ళు ఎవరో కర్రల్ని తీగకు కట్టి మరిచిపోయారనుకునేవాళ్ళు. వసంతం రాగానే ఆ కర్రల నిండా పూలు పూసేవి.

అప్పుడు మేము నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఎనభైల మొదట్లో ఊళ్ళో తెలుగు వాళ్ళు బహు తక్కువ. మా వీధికి దగ్గర్లో మా పెద్దమ్మ వాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. నాన్న పొద్దున్నే రైలెక్కి షికాగో వెళ్ళిపోయేవారు. పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. యుద్ధం రోజుల్లో ఒక అమెరికన్ సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని ఇంగ్లండు నుంచి వచ్చిందట. ఆ చెట్ల పెంపకం ఆవిడ వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నది. పెరడు చిన్నదైతే చెట్టుని పడుకోబెట్టి పెంచాలనేది. పొట్టి రకం వేరుకి అంటు కట్టిన మొక్కను తెచ్చి, కొమ్మ లేతగా ఉండగానే కొంచెం కొంచెంగా వంచి, పాత మేజోళ్ళ ముక్కలతో తీగకు వదులుగా కట్టేది. వాటిని ఆవిడ స్టెపోవర్ అనేది. అంటే అడుగెత్తి దాటేయగల చెట్టు.

నాకు ఎనిమిదేళ్ళున్న ఏడు మా అమ్మమ్మ ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. అదే ఏడు స్కూల్లో తీసిన క్లాసు ఫొటోలో నన్ను ముందు వరుసలో, అందరికంటే చివర నిలబెట్టారు. క్లాసులో అందరికన్నా చిన్నదాన్ని నేనే. పిల్లలు నన్ను ష్రింప్ అని పిలిచేవాళ్ళు. అంటే ఏమిటని అమ్మమ్మ అడిగితే రొయ్య అని చెప్పాను. ఇంట్లో ఏనాడూ గుడ్డు కూడా వండని మా అమ్మమ్మకు ఆ పేరు రెండు విధాలా కోపం తెప్పించింది. అమ్మ మాత్రం నా పాలలో బాదంపొడి ఇంకో చెంచా ఎక్కువ కలపడం మొదలుపెట్టింది. ఆ చెంచా చూసినప్పుడల్లా నాకు భయం ఇంకాస్త పెరిగేది.

జులైలో పెద్దనాన్నకు హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. సామాను ట్రక్కులోకి ఎక్కించేసి, చివరి రాత్రి వాళ్ళంతా మా ఇంట్లోనే పడుకున్నారు. తెల్లవారి నేనింకా కార్పెట్ మీద దుప్పటి కప్పుకుని ఉన్నాను. బయట కారు హారన్ మోగుతోంది. పెద్దమ్మ కొడుకు, నాకంటే ఐదేళ్ళు పెద్ద, నేను అన్నయ్యా అన్నయ్యా అని ఎవరి వెంట తిరిగేదాన్నో ఆ అబ్బాయి, బూట్లు చేతిలో పట్టుకుని పరుగున వచ్చి నా మీదుగా దాటేశాడు.

"ఒరేయ్, పడుకున్న పిల్లని దాటకూడదురా. గిడసబారిపోతుంది. వెనక్కి దాటు," అంది అమ్మమ్మ.

"లేటర్, అమ్మమ్మా," అని నవ్వుతూ వెళ్ళి కారెక్కాడు. కారు మలుపు తిరిగిపోయింది.

ఎవరు దాటితే వాళ్ళే వెనక్కి దాటాలి. అమ్మ దాటినా, నాన్న దాటినా లాభం లేదు. ఆదివారం హ్యూస్టన్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ మాట అడగమని అమ్మని బతిమాలాను. ఫోన్‌లో ఎలా దాటుతాడే అని అమ్మ నవ్వేసింది. నిజమే. అన్నయ్య టెక్సాస్‌లో ఉన్నంతకాలం నేను ఇంతే ఉంటానని నాకు రూఢి అయిపోయింది.

అమ్మమ్మకు పక్కింటావిడతో స్నేహం కుదిరింది. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక భాష లేదు. నేనే ఇద్దరి మధ్యా దుబాసిని. ఆవిడ అటువైపు నిలబడి కత్తెరతో, పైకి లేచిన ప్రతి రెమ్మనీ పొట్టిగా కత్తిరిస్తుంటే అమ్మమ్మ ప్రాణం విలవిల్లాడేది. పైకి లేచిందల్లా కోసేస్తుందేమిటే, అని నాతో అడిగించేది. అలా కోస్తేనే కొమ్మ మొదట్లో కాయకు మొగ్గ కడుతుందని ఆవిడ చెప్పేది. పక్కింటికి వెళ్ళాలంటే మేమందరం చెట్లు దాటి వెళ్ళేవాళ్ళం. అమ్మమ్మ ఒక్కతే ఎండలో వీధిదాకా నడిచి, చుట్టూ తిరిగి వెళ్ళేది. ఎందుకని ఒకరోజు ఆవిడ నన్ను అడిగింది. దాటితే చెట్టు పెరగదని అమ్మమ్మ అంటోందని చెప్పాను.

ఆవిడ పకపకా నవ్వింది. "అలాగైతే రోజూ వచ్చి దాటమని చెప్పు. అది పెరక్కుండా ఉంచడానికే కదా నేను ఇంత అవస్థ పడుతున్నది."

ఆ మాట నేను అమ్మమ్మకు చెప్పలేదు. పోస్ట్‌మన్ దాటుతున్నాడు, పేపరు వేసేవాళ్ళు దాటుతున్నారు, మేమూ దాటుతున్నాం. చెట్లు మోకాలి దగ్గరే ఆగిపోయాయి. అంటే దాటడం నిజంగానే పని చేస్తోంది. పెంచినావిడే ఒప్పుకుంది.

ఆ రోజు నుంచి నేను చెట్లు దాటి వెళ్తే, మళ్ళీ అక్కడినుంచే దాటి వచ్చేదాన్ని. రాత్రిళ్ళు గోడవారగా ముడుచుకుని పడుకునేదాన్ని. బాత్రూమ్ తలుపు మీద నాన్న గీసిన పెన్సిల్ గీత దగ్గర నిలబడమంటే ఏదో పని ఉన్నట్టు తప్పించుకునేదాన్ని.

సెప్టెంబరులో ఒక సాయంత్రం పక్కింటావిడ బుట్టతో ఆపిల్స్ తెచ్చి మా మెట్ల మీద పెట్టింది. చెట్లు దాటి వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఉత్తరాలు చూసుకోవాలని వీధి వైపు నడిచింది. నాకు కాళ్ళు ఆగలేదు. వెనకాలే వెళ్ళి, వచ్చిన దారినే వెళ్ళమని అడిగాను. ఎందుకంది. మొదట చెట్ల గురించి చెప్పాను. చెబుతూ చెబుతూ అన్నయ్య దగ్గరికి వచ్చేసరికి ఏడుపు వచ్చేసింది.

ఆవిడ నవ్వలేదు. తానన్న వేళాకోళం గుర్తొచ్చిందేమో, నా చెయ్యి పట్టుకుని చెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. తరవాత ఏప్రాన్ జేబులోంచి బట్టలారేసే క్లిప్పులు తీసి, నన్ను మొదటి చెట్టు పక్కన గడ్డిలో పడుకోమంది. నా తల మాను దగ్గరకు వచ్చేలా సర్ది, పాదాల దగ్గర కొమ్మకు ఒక క్లిప్పు పెట్టింది. లేచి ఆ క్లిప్పు దగ్గర తల పెట్టి మళ్ళీ పడుకోమంది. మళ్ళీ క్లిప్పు. ఇంకా కొమ్మ మిగిలే ఉంది. ఆవిడే వచ్చి, చీలమండల దాకా స్కర్టు సర్దుకుని, కొమ్మ పక్కన కాళ్ళు చాపి తిన్నగా పడుకుంది. చెట్టు ఆవిడకంటే కూడా పొడుగు.

"ఇది పొట్టిదని నీకెవరు చెప్పారు?" అంది ఆకాశంలోకి చూస్తూ. "పైకి పోకుండా ఆపింది నా కత్తెర, నా కట్లు. దాటే కాళ్ళు కాదు. నిన్నెవరైనా కత్తిరిస్తున్నారా?"

లేదని తల ఊపాను. కొమ్మ చివరకు తీసుకెళ్ళి చూపించింది. అంతా తీగకు కట్టి ఉంది గానీ చివరి జానెడు కట్టలేదు. అది కొద్దిగా తలెత్తి చూస్తోంది. ఆ చివరను కూడా వంచి కట్టేస్తే కొమ్మ సాగడం మానేస్తుందట. అందుకని దాన్ని ఎప్పుడూ వదిలేస్తుందట.

నేను ఇంట్లోకి పరిగెత్తి వంటింట్లో ఉన్న అమ్మమ్మ కొంగు పట్టుకున్నాను.

"అమ్మమ్మా, అది పొట్టి చెట్టు కాదట. పక్కకి పొడుగట."

అమ్మమ్మ సంగతంతా విని చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. కొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూసింది. పొడుగే, అని ఒప్పుకుంది. "అయినా ఎందుకైనా మంచిది, ఆవిణ్ణి ఒకసారి వెనక్కి దాటమను," అంది.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. పక్కింటావిడ ఏమాత్రం నవ్వకుండా, గుళ్ళో నడిచినంత శ్రద్ధగా, స్కర్టు ఎత్తి పట్టుకుని చెట్టు దాటి వాళ్ళ వైపుకి వెళ్ళింది. అది చూసి మా అమ్మమ్మ కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, తొలిసారిగా ఆ చెట్టు దాటింది. దాటి, వెంటనే వెనక్కి దాటింది. అప్పుడు ముగ్గురం నవ్వాం. ఎవరిది ఏ భాషో ఆ నవ్వులో తెలియలేదు.

క్రిస్మస్ సెలవులకు అన్నయ్య వచ్చేనాటికి అమ్మమ్మ తిరిగి వెళ్ళిపోయింది. నాకు భయం పోయింది, అయినా కార్పెట్ మీద పడుకుని, ఒకటి బాకీ ఉన్నావన్నాను. వాడికి గుర్తే లేదు. యూ ఆర్ వియర్డ్, అంటూ దాటాడు. దాటి, అలా వెళ్ళిపోకుండా నా పక్కన కూర్చుని హ్యూస్టన్ కబుర్లు చెప్పాడు. ఇన్ని నెలలుగా నేను ఎదురుచూసింది ఎదగడం కోసమేనా అని నాకు అప్పుడే మొదటిసారి అనుమానం వచ్చింది.

నేను పెద్దగా ఎదగలేదు. ఇవాళ్టికీ పై అరలో డబ్బా అందుకోవాలంటే కుర్చీ లాక్కోవాలి. నాకిప్పుడు మూడేళ్ళ పాప. డాక్టరు దగ్గర చార్టు మీద దాని చుక్క ఎప్పుడూ గీతలన్నిటికీ కిందే పడుతుంది. బాగానే ఉంది, నీ పోలికే, అని డాక్టరమ్మ ప్రతిసారీ చెబుతుంది. ఇంటికొచ్చి పాలు కలుపుతూ నా చెయ్యి బాదంపొడి డబ్బా వైపు రెండోసారి వెళుతుంది. అమ్మ చెంచా ఎందుకు పెరిగిందో అప్పుడు తెలుస్తుంది. డబ్బా మూత పెట్టేసి బట్టల క్లిప్పులు తీస్తాను. పాప కార్పెట్ మీద చేతులు చాపుకుని పడుకుంటుంది. ఈ వేలి చివర ఒకటి, ఆ వేలి చివర ఒకటి పెడతాను. "పక్కకి పొడుగు," అంటుంది ముద్దుగా, నత్తిగా.

ఒక్కొక్క మధ్యాహ్నం అది అక్కడే నిద్రపోతుంది. ఉతికిన బట్టల బుట్ట చేతుల్లో ఉండి, దారి లేక, దాన్ని దాటవలసి వస్తుంది. రెండడుగులు వేసి ఆగిపోతాను. బుట్ట దింపి, వెనక్కి తిరిగి, మళ్ళీ దాటి వస్తాను. మా ఆయన చూస్తే ఇంత చదువుకుని ఇదేమిటంటారు. దాటితే ఎదగరని నేను నమ్మను. కానీ వెనక్కి దాటాలంటే, వెళ్ళిపోతున్న మనిషి ఆగాలి. తిరిగి పిల్ల ముఖం చూడాలి.